దోనప్ప బడిలో దీపావళి రంగులు

ఏ గురువునూ కష్టపెట్టకూడదన్న దయతో దోనప్ప చిత్రలేఖనం తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. అతను గీసిన గుర్రాన్ని చూసి "మంచం బాగుంది" అన్నవాళ్లను కూడా క్షమించేవాడు. అంత పెద్ద మనసు.

రత్నకోట రాజు జయకేతుడికి దోనప్ప మాటలంటే ప్రాణం. ఆ ముచ్చటకొద్దీ, తిన్నగా గీత గీయలేని మనిషిని తీసుకెళ్లి కోటలోని బొమ్మల బడికి అయ్యవారిని చేశాడు. రాజులన్నాక ఇలాంటివి చేస్తూనే ఉంటారు.

బడిలో ఇరవైమంది. అందరికీ పదిహేనో పదహారో ఏళ్లుంటాయి. మీసం దువ్వేవాళ్లు కొందరు, జడ విసిరేవాళ్లు కొందరు, మాటకు మాట అంటించేవాళ్లు మాత్రం అందరూ. పండగ వస్తే చాలు, దోనప్ప ఒకే బొమ్మను ఇరవై కాగితాల మీద గీతల్లో దించి ఇచ్చి, "రంగులు మీ ఇష్టం" అనేవాడు. ఈసారి దీపావళి కదా, దీపం వెలిగిస్తున్న ఆడమనిషి బొమ్మ ఇచ్చాడు.

సంగతి ఆస్థాన చిత్రకారుడి చెవిన పడింది. ఆయన బిరుదు వర్ణకేసరి. ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగితే ఆయనకు కోపమొచ్చేది.

"ప్రభూ! గీసిపెట్టిన గీతల మధ్య రంగు పూయడం పసిపాపల ఆట. మీసాలొచ్చినవాళ్ల చేత దోనప్ప ఆ ఆట ఆడిస్తున్నాడు. అది బడా, ఉయ్యాలా?" అన్నాడాయన నిండు సభలో.

సభ గొల్లున నవ్వింది. రాజుకు తీర్పు చెప్పాలని సరదా పుట్టింది.

"దోనప్పా! అది ఆట కాదు, చదువేనని రేపు సభలో నిరూపించు. నెగ్గితే అడిగింది ఇస్తాను. ఓడితే బడి మూసేస్తాను. పిల్లలు ఏనుగులశాలకు సున్నం వేస్తారు, నువ్వు సున్నం కలుపుతావు."

బడికొచ్చి ఈ మాట చెప్పేసరికి చెంగమ్మ అనే పిల్ల కుంచె కింద పెట్టేసింది.

"అయ్యోరూ, మీరొక గుర్రం గీసి చూపిస్తే పోదా?"

"పోతుంది తల్లీ. రేపటిదాకా ఆగకుండా బడి ఇవాళే పోతుంది."

అందరూ నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు. "బొమ్మల బడి కాబట్టి మా నాయన పంపిస్తున్నాడు అయ్యోరూ. సున్నం పనికైతే పంపడు. నేను మళ్లీ కుంచె పట్టేది ఉండదు."

దోనప్ప నవ్వు సగంలో ఆగిపోయింది. పెట్టె తెరిచి, ఇరవై బొమ్మలకూ మూలమైన పాత కాగితం తీశాడు. దాని మీద గీతల వెంబడి సూదితో పొడిచిన చిల్లులున్నాయి. కింద మరో కాగితం పరిచి, బొగ్గుపొడి మూటతో పైన తడితే చాలు, బొమ్మ చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. గీత రానివాడి పాలిట అది కామధేనువు. అది ఎక్కడ దొరికిందో దోనప్ప ఒక్కడికే తెలుసు.

మర్నాడు సభలో ఆ కాగితాన్నే ఎత్తి పట్టుకున్నాడు.

"అయ్యా వర్ణకేసరిగారూ, పిల్లలకిచ్చిన గీతలివే. ఎలా ఉన్నాయో తమరే సెలవివ్వండి."

ఆయన దూరం నుంచే ముక్కు చిట్లించాడు. "మెడ చూస్తే సొరకాయ. చేతిలో ప్రమిద చూస్తే కప్ప. ఇందులో జీవం ఎక్కడయ్యా?"

"రంగు నింపితే జీవం వస్తుందేమో?"

"రంగుతోనా? చచ్చిన గీతకు రంగు పూసినా అది పసిపాపల పనే!"

"ప్రభూ, విన్నారుగా?"

"విన్నాను," అన్నాడు రాజు.

దోనప్ప సింహాసనం పక్కకు నడిచాడు. అక్కడ దీపలక్ష్మి పటం ఉంది. పోయిన దీపావళికి వర్ణకేసరి చెక్కపలక మీద వేసి ఇచ్చినదది. దానికి ఆయన బంగారు కడియం పుచ్చుకున్నాడు. రాజు రోజూ పొద్దున్నే దానికి దణ్ణం పెట్టుకుంటాడు. దోనప్ప చిల్లుల కాగితాన్ని ఆ పటం మీద ఆనించాడు.

మెడ మీద మెడ కూర్చుంది. ప్రమిద మీద ప్రమిద కూర్చుంది. చిటికెన వేలు కూడా పక్కకు పోలేదు.

"తమరి పనిశాల వెనక చెత్తకుప్పలో దొరికింది స్వామీ. నాకు గీయడం రాదు కదా, ఏరుకున్నాను," అన్నాడు దోనప్ప చేతులు కట్టుకుని. "గీతలు తమవే. అవి చచ్చినవని తమరే అన్నారు. రంగు నింపేది పసిపాపలనీ తమరే అన్నారు. అయితే నాదొక సందేహం."

దోనప్ప పటం వైపు తిరిగాడు.

"మా ప్రభువు రోజూ దణ్ణం పెట్టే ఈ పటానికి రంగు నింపిన పసిపాప ఎవరండీ?"

ముందు రాజు నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది. నవ్వకూడదని కాసేపు బిగబట్టి, చివరికి వర్ణకేసరి కూడా నవ్వేశాడు.

"నేనేనయ్యా, ఇంకెవరు! ఆ చెంపల రంగుకే నాకు పన్నెండు రోజులు పట్టింది."

పిల్లలు తమ ఇరవై బొమ్మలూ వరసగా పరిచారు. గీతలన్నీ ఒకటే, దీపావళులు మాత్రం ఇరవై. వర్ణకేసరి చెంగమ్మ బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

"వత్తి మొదట్లో నీలం ఎందుకు పెట్టావమ్మా?"

"మా ఇంట్లో దీపానికి అక్కడ నీలమే ఉంటుంది స్వామీ. దగ్గర కూర్చుని చూస్తే కనపడుతుంది."

ఆయన తన పటం వంక చూశాడు. అందులో మంటంతా పసుపే.

"బడి ఉంటుంది. ఈ బొమ్మలు పండక్కి సభలోనే వేలాడతాయి," అన్నాడు రాజు. "ఇక అడుగు దోనప్పా, ఏం కావాలి?"

"గీతలు నేర్పే అయ్యవారు కావాలి ప్రభూ. రంగుల సంగతి మేం చూసుకుంటాం. వర్ణకేసరిగారిని వారానికో పూట మా బడికి పంపండి."

రాజు సరేనని, దోనప్పకు జరీ శాలువా కప్పాడు.

వర్ణకేసరి బడికొచ్చి మొదటిరోజే గుర్రం నేర్పించాడు. చెంగమ్మ గుర్రం పరుగెత్తింది. వెనక వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న దోనప్ప కూడా ఒకటి గీశాడు. వారం వారం గీస్తూనే ఉన్నాడు. అతనికి గుర్రం గీయడం ఇప్పటికీ రాలేదు.