ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టిన పిల్ల

తాను రాసిన ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే, ఆ తప్పును అన్నవాళ్ల మీదికే నెట్టేసే జయకర్ అనే కుర్రాడు బొబ్బిలిలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో చదువుకుంటుండేవాడు.

ఆ ఏడాది బాలికల కబడ్డీ పోటీలకు పేర్లు నమోదు చేసే ప్రోగ్రాంను అతనే రాశాడు. పుట్టిన తేదీ సరిగ్గా లేకపోతే అది ఎర్రటి అక్షరాలతో "తప్పు తేదీ" అని చూపించేది. జూన్ ముప్పై ఒకటి అని కొడితే ఒప్పుకునేది కాదు. జయకర్ మురిసిపోయాడు.

"ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే పెట్టావు. లీపు సంవత్సరం మాటేమిటి?" అన్నారు మాస్టారు.

"నాలుగేళ్లకోసారి వచ్చే రోజు కోసం ఎవరు తల బద్దలు కొట్టుకుంటారు సార్? ఆ రోజు పుట్టినవాళ్లు మన ఊళ్లో ఎవరున్నారు?" అని నవ్వేశాడు.

ఉన్నారు. నమోదు రోజున రమాబాయమ్మ అనే పెద్దావిడ మనవరాలు తన్మయిని వెంటబెట్టుకుని వచ్చింది. కూతకు వెళ్తే పాయింటు లేకుండా తిరిగిరాని పిల్ల తన్మయి. జయకర్ ఆమె పుట్టిన తేదీ కొట్టాడు. తెర ఎర్రబడింది.

"ఈ తేదీ లేదు మామ్మగారూ. మీరు మర్చిపోయి ఉంటారు."

"మర్చిపోవడమేమిటి నాయనా? 2012లో, శివరాత్రి వెళ్లిన మరుసటి వారం, బుధవారం. పురుడు పోసింది నేను. ఇదిగో, ధ్రువపత్రం కూడా ఉంది."

"కంప్యూటర్ లేదంటోంది కదండీ!"

"దేవుడు ఇచ్చిన రోజును కాదనడానికి అదెవరు?"

వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నారు. జయకర్ విసుక్కుని మార్చి ఒకటి అని కొట్టేశాడు. "ఒక్క రోజుకు కొంపలేమీ మునిగిపోవు లెండి" అన్నాడు. రమాబాయమ్మ వద్దంటున్నా వినలేదు.

పోటీ రోజున అధికారి ధ్రువపత్రాలు సరిచూశాడు. తన్మయి దగ్గర ఆగిపోయాడు.

"ఇందులో ఒక తేదీ, నమోదులో ఒక తేదీ! వయసు దాచి ఆడదామనుకున్నావా? పో బయటికి!"

మైదానమంతా వింది. ఎవరో "దొంగ తేదీ!" అని కేకేశారు. నిజం చెప్పిన పిల్ల తలదించుకుని గీత బయట నిలబడింది. అబద్ధం కొట్టినవాడు మాత్రం నీడలో, కుర్చీలో కూర్చున్నాడు. ఆమె లేని జట్టు ఓడిపోయింది.

రమాబాయమ్మ నేరుగా జయకర్ దగ్గరికి వచ్చింది. ఏనాడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు అందరి ముందూ గట్టిగా అడిగింది.

"నా మనవరాలిని దొంగను చేశారు. చెప్పు, ఎవరిదయ్యా తప్పు?"

"అధికారి కాస్త అడిగి తెలుసుకోవాల్సింది..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు జయకర్.

తన్మయి కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "అన్నా, నిజం చెప్పు. నేను పుట్టిన రోజు అసలు లేనే లేదా?"

జయకర్ తలెత్తి ఆ పిల్ల ముఖం చూడలేకపోయాడు. లేచి వెళ్లి మైకు అందుకున్నాడు.

"తన్మయి తప్పేమీ లేదు. ఆమె చెప్పిన తేదీ సరైనదే. దాన్ని ఒప్పుకోనిది నా ప్రోగ్రాం. తేదీని మార్చి కొట్టింది నేను" అన్నాడు.

అధికారి తన్మయిని క్షమాపణ అడిగాడు. కానీ అయిపోయిన ఆట తిరిగి రాదు కదా! గెలిచినవాళ్లు అప్పటికే కప్పు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు.

మర్నాడు జయకర్ మాస్టారి పక్కన కూర్చుని లీపు సంవత్సరం లెక్క రాశాడు. నాలుగుతో భాగిస్తే చాలదని, రెండు సున్నాలతో ముగిసే సంవత్సరమైతే నాలుగు వందలతో కూడా భాగింపబడాలని అప్పుడు తెలుసుకున్నాడు. రాయడం పూర్తయ్యాక తానే పరీక్షించుకుని మురిసిపోలేదు. తన్మయిని పిలిచి కుర్చీ ఇచ్చాడు.

"తప్పు పట్టమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఊరుకుంటుందా? ఫిబ్రవరి ముప్పై కొట్టింది. ప్రోగ్రాం వద్దంది. 2013 ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కొట్టింది. అదీ వద్దంది. చివరికి తన పుట్టిన రోజు కొట్టింది. తెర పచ్చబడింది.

"ఉన్నానన్నమాట!" అంది తన్మయి. ఆ మాటకు అతను నవ్వలేకపోయాడు.

నీతి: మన లెక్కకు ఎదుటి మనిషి సరిపోకపోతే, ముందు దిద్దుకోవలసింది మన లెక్కనే గాని ఆ మనిషిని కాదు.