గోడ పట్టుకుని తిరిగే పిల్లవాడు

రుత్విక్‌ను గోదాలోకి దించడం వీరభద్రం వల్ల కాలేదు.

కడపలో జిలానీ ఉస్తాద్ తాలింఖానాలో పిల్లలకు కసరత్తు నేర్పేది వీరభద్రమే. ఎంత మొండివాడినైనా దారికి తెస్తాడని పేరు. ఈ పద్నాలుగేళ్ల వాడి దగ్గర మాత్రం ఆ పేరు కాస్తా పోయేలా ఉంది. ఈల వేస్తే చెవులు మూసుకుని కూలబడతాడు. చెయ్యి పట్టి లాగితే అరుస్తాడు. వదిలేస్తే లేచి, గోడకు అరచెయ్యి ఆనించి, గోదా చుట్టూ తిరుగుతాడు.

వాళ్లమ్మ మాధవీలత మొదటిరోజే చెప్పింది. "వీడికి ఆటిజం అన్నా. మాట తక్కువ. చప్పుడు ఓర్చుకోలేడు. బళ్లో ఆటలకు పిలవరు. ఇంట్లో కూర్చుని కూర్చుని ఒళ్లు పెరిగిపోయింది. ఇట్లే ఉంటే షుగరొస్తుందన్నాడు డాక్టరు. మా ఆయనేమో ఈ నెల చూసి మాన్పిస్తానంటున్నాడు."

నెల ముగిసిపోతోంది. వీరభద్రం ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"వీడు మనకు పనికిరాడు ఉస్తాద్. దండాలు తియ్యడు, బస్కీలు తియ్యడు. ఊరికే గోడ పట్టుకుని తిరుగుతాడు."

"రోజూ తిరుగుతాడా?"

"తిరుగుతాడు."

"నువ్వు చెప్పకుండానే?"

"చెప్తే వింటే కదా!"

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని లేచాడు. వీరభద్రం మెడలోని ఈల తీసి తన జేబులో వేసుకున్నాడు.

"రైల్లో గార్డు ఉద్యోగమొస్తే అడుగు, ఇస్తా."

అని లుంగీ పైకి కట్టి, గోడకు చెయ్యి ఆనించి, పిల్లవాడి వెనక నడవడం మొదలుపెట్టాడు.

ఆ తాలింఖానాలో ఉస్తాద్ కంటే ముందు ఎవరూ అడుగెయ్యరు. చిన్నప్పుడొకసారి ఉరుసు ఊరేగింపులో వీరభద్రం పొరపాటున ముందుకు పోతే, రంజాన్ దాటిందాకా ఉస్తాద్ మాట్లాడలేదు. ఆ సంగతి ఉస్తాదూ మరిచిపోలేదు, వీరభద్రమూ మరిచిపోలేదు. అలాంటి మనిషి, ఒక్క దండం రానివాడి వెనకనా!

"ఉస్తాద్, మీరు వెనకా?"

"నోరు మూసుకుని రా."

వచ్చాడు. అరచేతికి సున్నం అంటుకుంటోంది. గోదాలో పిల్లలు కిసుక్కున నవ్వారు. మూల దగ్గర రుత్విక్ నెమ్మదించాడు. ఉస్తాదూ నెమ్మదించాడు. కిటికీలోంచి ఎండ పడేచోట రుత్విక్ ఆగి, వెచ్చటి గోడను నిమిరాడు. ఉస్తాద్ ఆగాడు. ఎందుకు ఆగాలో తెలియకుండానే వీరభద్రమూ ఆగాడు.

రుత్విక్ వెనక్కి తిరిగాడు. వాళ్ల ముఖాలు చూడలేదు. గోడ మీది రెండు చేతులు చూశాడు. గొంతులోంచి చిన్న నవ్వులాంటిది వచ్చింది. తర్వాత వేగం పెంచాడు. ఇంకా పెంచాడు.

ఉస్తాద్ మోకాళ్లు ఓపలేదు. మెట్టు మీద కూలబడి, "నువ్వు ఆగొద్దు" అని చెయ్యి ఊపాడు.

వీరభద్రం పరుగెత్తాడు. ఇది కసరత్తా? ఆటా? ఏ తప్పుకో తనకు వేసిన శిక్షా? ఒకవేళ వాడు ఆగితే ఏం చెయ్యాలి? ఆగకపోతే? ఏదీ తేలలేదు. అన్ని దండాలు తీసే ఒంటికి ఎగశ్వాస వస్తోంది.

గడప దగ్గర మాధవీలత కనబడింది. ముఖం వాడిపోయి ఉంది.

"రేపట్నుంచి పంపొద్దన్నాడు మా ఆయన. ఆ మాటే చెప్పి పోదామని..."

కొడుకు చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది. ముందు వాడు, వెనక రొప్పుతూ మాస్టరు.

"అన్నా, ఈ కసరత్తు పేరేంది?"

వీరభద్రం ఉస్తాద్ వైపు చూశాడు.

"మమ్మల్నేం అడుగుతావమ్మా?" అన్నాడు ఉస్తాద్. "ముందు పోయేవాణ్ణి అడుగు."

ముందు పోయేవాడు ఆగలేదు.

మాధవీలత చెప్పులు విడిచి లోపలికొచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టింది.