ఏదత్త పెట్టిన చీటీలు

కొండవాలు అడవిలో జంతువులన్నీ ఫోన్లు చూసే చదువుకుంటాయి. పాఠాలు చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఏ పాఠం దేనికి, ఎవరికి, ఎంతసేపు అని చీటీ తగిలించేది మాత్రం ఒక్క ఏదుపందే. ఒళ్ళంతా ముళ్ళాయె, పక్కన కూచునేదెవరు? "ఏదత్తా, పాఠం దొరకలేదే" అంటూ ఎవరైనా బొరియ దాకా వస్తే ఆ పూట ఆవిడకి పండగే.

ఓ రోజు నక్క ఊగిపోతూ వచ్చింది. "‘నా తెలివితేటలు’ అని పాఠం చెప్పానా, ఒక్కరూ చూడరే! ఏం చీటీ పెట్టావత్తా?"

"సొంత గొప్పలు. అరగంట. తీరికున్నవాళ్ళకి."

నక్కకి ఒళ్ళు మండింది. వెంటనే పంచాయతీ పెట్టింది. "ఎవరి చీటీ వాళ్ళే పెట్టుకుందాం. మధ్యలో ఈవిడ పెత్తనమేంటి?" అంది. తిలా పాపం తలా పిడికెడన్నట్టు అందరూ తలలూపారు. ఏదత్త బొరియలోకి పోయి, కరువుతీరా ఏడ్చింది.

నక్క తన పాఠాన్ని మూడు ముక్కలు చేసి, జ్వరం, నీళ్ళు, పెళ్ళి, ఉచ్చు అంటూ దొరికిన చీటీలన్నీ అంటించింది. ఫోను తెర అరచేయంత, పైన కనబడేవి మూడే. పిల్లకి జ్వరమొచ్చి కుందేలు మందాకు కోసం వెతికితే, నక్క మీసం దువ్వుతూ కనబడింది. "నీ మొహం మండా!" అని తిట్టిపోసింది కుందేలు.

నాలుగోనాడు నక్క కాలే వేటగాడి ఉచ్చులో పడింది. లాగినకొద్దీ బిగుసుకుంది. ఫోన్లో "ఉచ్చు" అని వెతికింది. ఒకటోది నొక్కినా, రెండోది నొక్కినా, మూడోది నొక్కినా తన గొంతే! చేసేది లేక ఏదత్తకి ఫోన్ చేసింది.

"అత్తా, చచ్చిపోతున్నాను! ఉచ్చు పాఠం ఎక్కడే తల్లీ?"

"ఆ పాఠం ఎలుక చెప్పిందిరా. నీ గొప్పల కింద ఎక్కడో పడుంటుంది. కాలు లాగకు. తాడు కట్టిన కొయ్య వైపే జరుగు, వదులవుతుంది. అప్పుడు పళ్ళతో ముడి జార్చు."

నక్క బతికి బయటపడింది. అడవంతా నవ్వింది. చీటీల పని మళ్ళీ ఏదత్తకే అప్పగించారు. ఆవిడ ఎంత ఒద్దికగా పెట్టిందంటే, ఎవరి పాఠం వాళ్ళకి వేలు తాకగానే దొరికింది. ఇక అడగడానికి వచ్చేవాళ్ళే లేకపోయారు.

వారానికి నక్క ఒక్కటే కుంటుకుంటూ వచ్చింది. "నా పాఠానికి కొత్త చీటీ పెట్టవూ?"

"పెట్టేశాను నాయనా. ‘ఇలా చెయ్యకూడదు. పిల్లలందరూ చూడాలి.’"

నక్క తోక ముడిచి వెనక్కి తిరిగింది. కాసేపు కూచోరా అందామని ఏదత్త నోరు తెరిచేలోపే పొదలు దాటిపోయింది.

నీతి: అన్నిటికీ నేనే అనేవాడు అవసరానికి తనకే అక్కరకు రాడు.