మార్తమ్మ నిలబడే చోటు

ఏలియా మాస్టారు ప్రశ్నకు జవాబు చెప్పగా ఎవరూ వినలేదు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే మళ్ళీ అడగమనేవారు.

గిటార్ శిష్యురాలు కెజియా మాత్రం అంత తేలిగ్గా ఊరుకునే రకం కాదు. గాజు వాల్వులతో గిటార్ మోతను పెంచే, ముప్పై ఏళ్ళుగా వేదికలెక్కిన ట్యూబ్ యాంప్‌ను మాస్టారు ఆ వేసవిలో ఇంటి మూలన పెట్టేసి, టిఫిన్ డబ్బా అంత ఉన్న డిజిటల్ మోడలర్‌కు గిటార్ తగిలించడం మొదలుపెట్టారు. పాత యాంప్‌లు ఎలా పలుకుతాయో ఆ డబ్బా లెక్కకట్టి పలికిస్తుందట. కెజియాకు ఒళ్ళు మండింది.

"నకలుకు లొంగిపోయారా మాస్టారూ? వాల్వు కాగితేనే నాదం అని మాకు నూరిపోసింది ఎవరు? మొయ్యలేక నడుం నొప్పా, భయమా, ఏదో ఒకటి చెప్పండి!"

"ఆదివారం రిసెప్షన్ ప్రోగ్రాముకి ఆ యాంప్ నువ్వే పట్టుకురా," అన్నారాయన.

తెచ్చింది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, మెట్ల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తెచ్చింది. అతిథులు రావడానికి ఇంకా మూడు గంటలుంది. గాజు వాల్వులు ఎర్రబడ్డాక మాస్టారు ఒక్క తీగ మీటారు. చెక్క వేదిక పాదాల కింద వణికింది.

"ఇదీ! ఇదే కదా!" అంది కెజియా.

"ఇదే. వెళ్ళి మార్తమ్మ నిలబడే చోట నిలబడు. పల్లవి అందుకో."

మార్తమ్మ ఆ బృందంలో గాయని. ఇరవై రెండేళ్ళు ఆ యాంప్‌కు రెండడుగుల ముందు నిలబడి పాడింది. స్వరతంతువుల మీద కాయలు కాశాయని, ఇంకో ఏడాది ఇలాగే అరిస్తే పాట కాదు, మాట కూడా మిగలదని డాక్టరు చెప్పింది ఆ వేసవిలోనే. ఎవరికీ చెప్పొద్దని ఆమె మాస్టారి దగ్గర మాట తీసుకుంది.

కెజియా పాడింది. మొదటి పాదం తనకే వినపడలేదు. రెండో పాదానికి గొంతు పెంచింది. చరణం సగంలో మెడ నరాలు తేలి, దగ్గు తెరలు కమ్మి ఆగిపోయింది.

మార్తమ్మ ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వంచి ఇచ్చింది. "కాలేజీ డిబేట్లలో మైకు వదలని పిల్లవి, ఒక్క పాటకే చేతులెత్తేశావేమే?" అంది నవ్వుతూ. ఆ గొంతులో బొంగురు ఎంతుందో కెజియా అప్పుడు విన్నది.

"మరి... వాల్యూమ్ తగ్గించొచ్చుగా మాస్టారూ!"

"తగ్గిస్తే ఇది పలకదు. అదీ నేను నేర్పిందేగా."

మాస్టారు గిటార్ వైరును యాంప్ నుంచి పీకి డబ్బాకు తగిలించారు. ఇప్పుడు వెనక నుంచి ఏ మోతా లేదు. గిటార్ నేరుగా హాలు స్పీకర్లలోకి పోతోంది. మార్తమ్మ అదే పల్లవిని పక్క మనిషితో మాట్లాడినంత మెల్లగా పాడింది. చివర చిన్న మలుపొకటి తిరిగింది. మాస్టారి కుడికాలు మాత్రం కుదురుగా లేదు, పిక్కకు తగలాల్సిన ఆ పాత అదురు కోసం వెనక్కి వెనక్కి జరుగుతూనే ఉంది.

"ఆ మలుపు కొత్తగా పెట్టారా ఆంటీ?"

"మొదటి రోజు నుంచీ ఉందమ్మా."

కెజియా వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగింది. ఓడినట్టు ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేదు.

"అయినా గిటార్ మునుపటిలా లేదు మాస్టారూ."

"లేదు," అన్నారాయన. "ఇన్నేళ్ళూ నేనూ దాన్నే వింటూ ఉండిపోయాను."