మొట్టికాయల బడి

తూనీగల అడవిలో ముంగిసలు, కుందేళ్లు, దుప్పులు, కొండముచ్చులు ఉండేవి. అడవి అంచున మనుషులు ఇంగ్లీషు బోర్డులు పాతడం మొదలుపెట్టారు. ఎటు వెళ్తే ప్రమాదమో చదువుకోవాలి కదా! అందుకని ఎలుగుబంటి మాస్టారు పిల్లలకు ఇంగ్లీషు బడి పెట్టాడు.

బడి పెట్టాడు సరే, దాంతోపాటు ఒక దిక్కుమాలిన పద్ధతి కూడా పెట్టాడు. స్పెల్లింగ్ చెప్పినవాళ్లు చెప్పలేనివాళ్ల నెత్తిన మొట్టికాయ వేయాలి. మాస్టారికి ఒళ్లు కదలకుండా పని జరిగిపోయేది.

రోజూ చెప్పేది వీరబాహు అనే కొండముచ్చు పిల్లాడే. మొట్టేదీ వాడే. కెంపి అనే ముంగిసపిల్ల పళ్లు బిగబట్టి ఓర్చుకునేది. దాని తమ్ముడు బుల్లయ్య ఓర్చుకోలేకపోయాడు. నెత్తి బొప్పి కట్టి, ఏడ్చి ఏడ్చి బడి మానేశాడు.

"నేను రానక్కా! బోర్డు చదవకపోతే చస్తాను, అంతేగా?" అన్నాడు.

ఆ మాటకు కెంపికి ఒళ్లు మండిపోయింది. మర్నాడు బడిలో వీరబాహు మీదే కన్నేసి కూర్చుంది. మాస్టారు వెన్స్‌డే అడగ్గానే, వాడు ముందు "వెడ్... నెస్... డే" అని నోట్లో గొణుక్కుని, ఆ తర్వాత అక్షరాలు గడగడా చెప్పేశాడు.

"ఇలా ముక్కలు చేసుకుంటే వస్తుందని మాకెందుకు చెప్పలేదు?" అని నిలదీసింది కెంపి.

వీరబాహు పకపకా నవ్వాడు. "మీకూ చెప్పేస్తే నేనింక ఎవర్ని మొట్టాలి?"

ఎంత పొగరు! కెంపి ఆ కోపంలోనే ఒక్కో మాటా పట్టుకుని, సొంతంగా చిట్కాలు కట్టింది. సాయంత్రం వీరబాహు తప్ప బడి పిల్లలందర్నీ కూర్చోబెట్టింది.

"ఫ్రెండ్ చివర ఎండ్ ఉంటుంది, మరిచిపోకండి. క్యూకి ఒంటరిగా నడవాలంటే భయం, వెంట యు ఉండాల్సిందే. నైఫ్‌లో కె అందరికంటే ముందు నిలబడుతుంది, నోరు మాత్రం విప్పదు!"

పిల్లలు నవ్వుకుంటూ నేర్చుకున్నారు. కొన్నాళ్లకు అందరూ అన్నీ చెప్పేస్తున్నారు. వీరబాహుకు మొట్టడానికి ఒక్క నెత్తీ దొరకలేదు. మొట్టే సంబరంలో పడి వాడు కొత్త మాటలు చూసుకోవడం ఎప్పుడో మానేశాడు. ఒకరోజు మాస్టారు నైఫ్ అడిగితే "ఎన్..." అని మొదలుపెట్టాడు.

బడి గొల్లుమంది.

"పద్ధతంటే పద్ధతే. వరసగా వచ్చి మొట్టండి," అన్నాడు మాస్టారు.

కెంపి అందరికంటే ముందు వెళ్లింది. పిడికిలి ఎత్తింది. వీరబాహు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కెంపికి తమ్ముడి బొప్పి గుర్తొచ్చింది. చివరికి చెయ్యి దించేసింది.

"నీ మీద జాలితో కాదురా. నాకింకా కోపంగానే ఉంది! మొడితే నీకు నైఫ్ వస్తుందా?" అని మాస్టారి వైపు తిరిగింది. "ఇన్ని మొట్టికాయలకు మా తమ్ముడికి ఒక్క అక్షరం వచ్చిందా మాస్టారూ? ఉన్న చదువు పోయింది!"

ఆ పూటే మాస్టారు పద్ధతి ఎత్తేశాడు. బుల్లయ్య కలుగు దాకా తనే నడిచి వెళ్లి, "తప్పు నాదే, రా నాయనా," అని బతిమాలి తీసుకొచ్చాడు. కెంపి తన చిట్కాలన్నీ తమ్ముడికి నేర్పింది.

వీరబాహు పెత్తనం ఊడింది. ఇప్పుడు రాని మాట వచ్చినప్పుడల్లా వాడు బుల్లయ్య పక్కన చేరి, "ఇదెలా గుర్తుపెట్టుకోవాలి?" అని అడగాల్సిందే. బుల్లయ్య కాసేపు మూతి ముడుచుకుంటాడు, తర్వాత చెబుతాడు.

నీతి: తెలిసింది దాచుకుని, తెలియనివాళ్లను కొట్టేవాడు చివరికి తెలియనివాడుగానే మిగులుతాడు; పంచుకున్న చదువే నిలుస్తుంది.