రేచమ తవ్వించిన బావి

"కలిసి నేర్చుకోవడానికే కదా అందరం చేరాం, మరి ఒకరు రాసింది ఒకరికి కనబడకుండా ఎందుకు మూసిపెడుతున్నారు సార్?" అని ఖాజా మొహిద్దీన్ అడిగాడు.

పరాంకుశం గారు మాకు శాసనాలు చదవడం నేర్పుతారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాళ్ళ వెంట తిరిగి, విరమణ తరువాత ఒంగోలులో స్థిరపడ్డారు. మేం పదకొండు మంది శిష్యులం, పదకొండు ఊళ్ళలో ఉంటాం. ప్రతి సోమవారం ఆయన ఒక శాసనం ఫోటోను ఇంటర్నెట్‌లో మా చర్చావేదిక మీద పెడతారు. రాతి మీద ఏముందో ఎవరికి తోచిన పాఠం వాళ్ళు రాసి పంపేదాకా మిగతావాళ్ళవి కనబడవు. పంపాక అన్నీ తెరుచుకుంటాయి. అప్పుడు ఒక్కొక్కరూ ఇంకొకరి పాఠం మీద ఒక్క సందేహమైనా రాయాలి. ఏ వరస, ఏ అక్షరం, ఎందుకు అనుమానం అన్నది చెప్పాలి. ఊరికే బాగుంది అంటే కుదరదు. గురువుగారి పాఠం అందరికంటే చివర వస్తుంది.

ఖాజా ప్రొద్దుటూరులో డిగ్రీ కాలేజీ లెక్చరరు. మాలో చేరి నెల రోజులైంది. ఆదివారం వీడియోలో అందరం కలుసుకున్నప్పుడు తన మాట దాచుకోలేదు. "ఫోన్ గ్రూపులో పెడితే అరగంటలో తేలే సంగతికి మనం వారం తీసుకుంటున్నాం" అన్నాడు.

గురువుగారు వాదించలేదు. రెండేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పారు. అందులో నేనూ ఉన్నాను కనుక నాకు తెలిసింది కూడా కలిపి రాస్తున్నాను.

కర్నూలు జిల్లాలో ఒక ఊరివాళ్ళు ఉపాధి పనుల్లో పాత బావి పూడిక తీస్తుంటే, అడుగున అక్షరాలున్న రాయి దొరికింది. ఫోటో తీసి గురువుగారికి పంపారు. బావి ఎవరు తవ్వించారో చెబితే గట్టు మీద బోర్డు రాయించుకుంటామన్నారు. అప్పటికి మేం ఎనిమిది మందిమి. చర్చలన్నీ ఫోన్ గ్రూపులోనే జరిగేవి.

మాలో అందరికంటే పాతవాడు నెల్లూరు సదానందం. అరిగిపోయిన రాతిని కూడా ధారాళంగా చదవగలడు. ఫోటో వచ్చిన పావుగంటకే పాఠం పెట్టాడు. నాలుగు వరసల శాసనం. బావి తవ్వించిన మనిషి పేరు రేచన అని తేల్చాడు. దాని కింద గురువుగారు "బాగుంది" అని రాశారు. ఇక మిగిలిన ఏడుగురం ఒకరి తరువాత ఒకరం "నాదీ అదే" అన్నాం. నిజం చెప్పాలంటే నేను ఆ ఫోటోను పెద్దది చేసి కూడా చూడలేదు. అందరిలోకీ ఆఖరున రాసింది యాదమ్మ. ఆమె నారాయణఖేడ్ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఊళ్ళో బోర్డు లేచింది.

మూడు నెలల తరువాత వేరే పని మీద గురువుగారు అటు వెళ్ళి, ఆ బావి దగ్గర ఆగారు. పైకి తీసి గట్టున నిలబెట్టిన ఆ రాతికి తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, మసి పూసి అచ్చు తీశారు. ఫోటోలో ఎండ పడి మాసిపోయిన పేరు కాగితం మీద తేటగా వచ్చింది. చివరి అక్షరం 'న' కాదు, 'మ'. రేచన కాదు, రేచమ. ఆయన నమ్మలేక ఇంకో అచ్చు తీశారు. రెండోదీ అదే చెప్పింది.

పక్కన ఈరమ్మ అనే ఆవిడ నిలబడి చూస్తోంది. పూడిక తీసిన కూలీల్లో ఆమె ఒకతె. గురువుగారు ఆమెకు సంగతి చెప్పారు.

"ఆడమనిషి తవ్విచ్చిందా సార్?" అందామె. "ఆ బాయిలోకి దిగి మట్టి మోసిందంతా మా ఆడోళ్ళమే. అయినా బోర్డు మీద మొగాయన పేరు చూసి, అట్లనే ఉంటాదిలే అనుకుంటిమి."

ఆ వారం సమావేశంలో గురువుగారు అచ్చు మాకు చూపించారు. సదానందం ముందుగా "తప్పు నాది" అన్నాడు. తరువాత యాదమ్మ మాట్లాడింది.

"నేను ముందుగాల రేచమ అనే రాసుకున్న సార్. చివరి అక్షరానికి కుడివైపు కొస పైకి లేచినట్టు కనవడ్డది. గ్రూపు తెరిచి చూస్తే సదానందం సార్ రేచన అన్నరు, మీరు బాగుంది అన్నరు. ఇంతమంది ఎట్ల తప్పయితరు అని నాది కొట్టేసుకున్న."

నోటుపుస్తకం తెరిచి కెమెరా ముందు పట్టుకుంది. కొట్టేసిన 'మ', దాని మీద 'న' అందరికీ కనబడ్డాయి.

గురువుగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఇంతమంది కాదమ్మా. రాయి చూసి రేచన అన్నవాడు సదానందం ఒక్కడే. మేమందరం సదానందాన్ని చూశాం. ముందుగా నేను."

ఊరివాళ్ళకు ఆయనే ఉత్తరం రాసి, బోర్డు మార్పించారు. ఆ మరుసటి వారం గ్రూపు మూసేసి ఈ వేదిక తెరిచారు. మొదట్లో సజావుగా సాగలేదు. తొలి శాసనానికి గడువు ఆఖరి రోజు వచ్చినా యాదమ్మ పాఠం పంపలేదు. సదానందం ఫోన్ చేసి "మీరు పంపితే తప్ప నా తప్పులు నాకు దొరకవు టీచర్" అని అడిగాక పంపింది. తెరిచి చూస్తే ఎనిమిది పాఠాల్లో ఏ రెండూ ఒకలా లేవు. ఆ ఒక్క రాయి మీద పదిరోజులు పోట్లాడుకున్నాం. అంతకు ముందు ఏడాదంతా నేర్చుకున్న దానికంటే ఆ పదిరోజుల్లో నేను ఎక్కువ నేర్చుకున్నాను.

గురువుగారు చెప్పడం ఆపారు. యాదమ్మ ఆ రోజూ సమావేశంలోనే ఉంది. తెర మీద తన గడిలో తల వంచుకొని కూర్చుంది. ఖాజా మంచి లెక్చరరు కనుక అంతటితో వదల్లేదు.

"సార్, ఒక మాట. ఆ రోజు అందరూ రేచన అన్న చోట యాదమ్మ గారిది ఒక్కటే రేచమ అని కనబడి ఉంటే, మీరు ఒప్పుకునేవారా?"



"ఒప్పుకునేవాణ్ని కాదేమో" అన్నారు గురువుగారు. "కానీ ఫోటో ఇంకొక్కసారి తెరిచేవాణ్ని."