కునుకుబండ మల్లన్న కలను చూసినవాడు

కునుకుబండ గుట్ట ఎక్కిన భక్తులు మొదట స్వామికి కాదు, అక్కడి కుక్కలకు దండం పెడతారు. తొలి ప్రసాదం వాటికే. మిట్టమధ్యాహ్నం చింతనీడన ఉన్న నున్నటి బండపై అందరూ కళ్లు మూసుకుని పడుకుంటారు. కొత్తవారికి ఇది వింతగా తోచవచ్చును గాని, దీని వెనుక పెద్ద గాథే ఉన్నది.

పూర్వం ఇక్కడ పోశాలు అనే గొర్రెల కాపరి ఉండేవాడు. మధ్యాహ్నం అతడు ఈ బండపై కునుకు తీస్తుంటే, నల్లోడనే అతని కుక్క మందను చూసేది. ఒక ఏడు మందకు మాయరోగం తగిలి, పూటకొక గొర్రె కూలసాగింది. పాపం, పోశాలు దిగులుతో తిండి మానేశాడు. కునుకు మాత్రం మానలేకపోయాడు.

ఆ కునుకులోనే మల్లన్న గొంగడి కప్పుకుని దర్శనమిచ్చి, "ఈ కలను చూస్తున్నోణ్ణి రేపు నా ముందటికి తోలుకరా. రోగం పోతది" అని ఆనతిచ్చాడు.

పోశాలు లేచి, ఆ కలను చూసిందెవరని ఊరంతా అడిగాడు. ఆ ఘనత ఇంకెవరికి దక్కుతుందోనని పటేలు ముందుకొచ్చి, "నేనే చూసిన. సామి పులి మీద వచ్చిండు గద!" అన్నాడు. గొంగడి మాటే ఎత్తకపోయేసరికి పోశాలు అతణ్ణి వదిలేసి, ఇంటికి పోయి భార్య సాయవ్వతో మొరపెట్టుకున్నాడు.

"నువ్వు పండుకుంటే చూసే పని ఎవరిది?" అన్నది సాయవ్వ.

"నల్లోడిది."

"మరింకేంది? దాన్నే తీస్కపో."

మరునాడు పోశాలు కుక్కకు స్నానం చేయించి, నొసట బండారి పసుపు పెట్టి, బండ దగ్గరకు తెచ్చాడు. ఎంతసేపటికీ స్వామి రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఇద్దరూ కునికారు. అప్పుడు వచ్చాడు మల్లన్న.

"తెచ్చినవా?"

"తెచ్చిన సామీ. గిదే."

స్వామి వంగి చూశాడు. నల్లోడు హాయిగా గురక పెడుతున్నాడు. "ఇది పండుకున్నది గద! మరి నన్ను ఎవడు చూస్తున్నడు?"

పోశాలు వెనక్కి చూశాడు, పక్కలకు చూశాడు. ఇక మంద దక్కదన్న భయంతో ఏడుపొచ్చేసింది. "ఇంకెవ్వరు లేరు సామీ. నేనొక్కణ్ణే ఉన్న."

"ఆ ఒక్కణ్ణే తెమ్మన్న" అని మల్లన్న నవ్వాడు.

పోశాలు కళ్లు తెరిచేసరికి, పొద్దున కూలిన గొర్రె లేచి మేస్తున్నది. స్వామి, తన కాళ్ల దగ్గర నిద్రపోయే కుక్కతో సహా, ఇక్కడే శిలగా వెలిశాడు. ఆనాడు నల్లోడు గనుక మేలుకుని ఉంటే పోశాలు ఇంకా ఊళ్లో వెతుకుతూనే ఉండేవాడు. తొలి ప్రసాదం కుక్కలకు అందుకే.

నేటికీ బండపై పడుకున్నవారిని పూజారి "ఎవరు చూస్తున్నరు?" అని అడుగుతాడు. కళ్లు తెరవకుండానే "నేనే ఉన్న సామీ" అన్నవారి ఇల్లూ మందా చల్లగా ఉంటాయి. నిజంగానే నిద్రపోయినవారిని ఎవరూ తట్టి లేపరు. వారు మేలుకుని ఆ మాట అనేదాకా హారతి ఆగుతుంది. స్వామికి తొందర లేదు.